పదకొండో వార్డు ఖాళీ పేజీ

కృత్తిక కార్తె, రెండో రోజు

విభాగాధిపతి ప్రతిరోజూ దినచర్య రాయాలని, దాన్ని గుమస్తా చదివి భద్రపరుస్తుందని మా నాపగుంట మున్సిపాలిటీ నియమం. సముదాయ అభివృద్ధి విభాగాన్ని పదిహేనేళ్ళుగా నడుపుతున్న నేను, కొమెర దమయంతిని, రోజూ "క్షేత్ర పర్యటన, సమీక్ష, ఉత్తరాలు" అని మూడు ముక్కలు రాసి పడేస్తూ వచ్చాను. ఈరోజు అలా రాయబుద్ధి కావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది, అదీ ఎండవల్ల కాదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆఫీసు తెరిచేసరికి బల్లమీద ఉత్తర్వు ఉంది. పదకొండో వార్డు చలువసాలలో ఉన్న చలువ మిషనును రోహిణి కార్తె మొదటి రోజున విప్పి, మూడో వార్డు కల్యాణమండపానికి తరలించాలట. కారణం ఏమిటయ్యా అంటే, పదకొండో వార్డువాళ్ళే సభ పెట్టుకుని, మాకు వద్దు పట్టుకుపొమ్మని ఏకగ్రీవంగా తీర్మానించారట. రెండు వందల పన్నెండు సంతకాలు.

రోహిణిలో తొమ్మిదింటికి సైరన్ మోగిందంటే సాయంత్రం ఐదున్నర దాకా బయట కాలు పెట్టడానికి లేదు. చలువసాలే దిక్కు. నిరుడు పంతొమ్మిదో వార్డు మిషను రెండు రోజులు ఆగితే నలుగురు పోయారు. ఆ నలుగురి ఇళ్ళకూ వెళ్ళి కూర్చున్నది నేను. పదకొండో వార్డులో ఉన్నది ఆరువందల నలభై మంది, క్వారీలో రాయి కొట్టేవాళ్ళు, రేకుల ఇళ్ళవాళ్ళు. వాళ్ళు తమ చల్లదనాన్ని తీసి ఊళ్ళో పెళ్ళిళ్ళకు దానం చేశారంటే నేను నమ్మాలి.

కమిషనరు రవిప్రసాద్ దగ్గరికి వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఎప్పుడూ చొక్కా నలగదు.

"సార్, ఇది ఏ మహానుభావుడి పని?" అన్నాను.

"వార్డు తీర్మానం మేడం. అమలు చేసేది గుమస్తా. నా సంతకం కూడా అడగదు."

గుమస్తా అంటే మనిషి కాదు. మనుషులైన గుమస్తాలందరినీ ఇంటికి పంపి పెట్టిన యంత్రం. వార్డు సభ పుస్తకంలో తీర్మానం ఉండి, అదే పేజీలో సంతకాలు ఉంటే చాలు, పని మొదలుపెడుతుంది. లంచం తినదు, ఫైలు తొక్కిపెట్టదు. ఇంతకాలం దాన్ని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుగా ఉంది.

కృత్తిక, మూడో రోజు

పదకొండో వార్డుకు వెళ్ళాను. వాళ్ళ చలువసాల వదిలేసిన క్వారీ గుంటలో ఉంది. పైన నాపరాళ్ళు పరిచి మట్టి కప్పారు. లోపల ఒక్కో కుటుంబానికి ఒక్కో చాప వెడల్పు చోటు. మధ్యలో మిషను. దాని చప్పుడు ఆగితే పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు.

వార్డు మహిళా సంఘాలకు ఆర్‌పీ షేక్ మస్తాన్‌బీ. అంటే సంఘాలకూ మా ఆఫీసుకూ మధ్య ఆమే వారధి. సాల తాళాలు ఆమె నడుముకే వేలాడుతుంటాయి. ఉత్తర్వు చదివి వినిపించాను. ఆమె నవ్వింది.

"పొద్దున్నే ఎగతాళా మేడం?"

"ఎగతాళి కాదు మస్తాన్‌బీ. మీరే తీర్మానం చేశారంటున్నారు."

"మేమెందుకు జేస్తామమ్మా? మతి బోయిందా మాకు? ఇదుగో ఈ పిల్లని జూడండి." అని గోడవారగా కాళ్ళు చాపుకుని కూర్చున్న ఈశ్వరిని చూపించింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తొమ్మిదో నెల. "రోహిణిలో నీళ్ళాడుద్ది. మిషను బోతే ఈ పిల్లని ఏ పెనం మీద పడుకోబెట్టమంటారు?"

ఈశ్వరి నావైపు చూసి, "మిషను తీసుకుపోతారాండీ?" అని అడిగింది. అడగడంలో కోపం లేదు. బస్సు వెళ్ళిపోయిందా అని అడిగినట్టు అడిగింది. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

"నా కంఠంలో ప్రాణం ఉండగా పోదు," అని చెప్పి వచ్చాను. పెద్ద మాటే. రాసిపెడుతున్నాను, తర్వాత తప్పించుకోకుండా.

కృత్తిక, ఐదో రోజు

గుమస్తాను ఆ పేజీ చూపించమన్నాను. చూపించింది. ఉత్తరాభాద్ర కార్తెలో జరిగిన సభ. పేజీ పైన చక్కటి ముద్రాక్షరాల్లో తీర్మానం: "మా వార్డు చలువ మిషను వినియోగం అవసరానికి మించి ఉన్నందున, దానిని మూడో వార్డు కల్యాణమండపమునకు సంతోషపూర్వకముగా బదిలీ చేయుటకు సభ ఏకగ్రీవముగా అంగీకరించినది." సంతోషపూర్వకముగానట. కింద సంతకాలు, వేలిముద్రలు. రెండోది మస్తాన్‌బీది. ఆమె సంతకం నాకు తెలుసు, చివర తోకలాంటి గీత గీస్తుంది. అది ఆమెదే.

సంతకాలు నిజం, తీర్మానం దొంగది. అయితే మధ్యలో ఎవడో చేయి పెట్టాడన్నమాట. లాభం ఎవరికో వాడే దొంగ అనుకుని, మూడో వార్డు కౌన్సిలరు మురహరి ఇంటికి నేరుగా వెళ్ళాను. ఆయన ఇడ్లీ తింటున్నాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన కోడలు లోపల్నించి వచ్చి నిలబడింది.

ఆయన చేయి కడుక్కుని, "దమయంతమ్మా, కల్యాణమండపానికి మిషను గావాలని మేం ప్రతి ఏడూ అర్జీ పెడతాం. గుడికి బోతే కోరిక కోరినట్టు. ఎవురన్నా ఇస్తారనుకున్నామా? ఇచ్చారంటే మేమే నోరెళ్ళబెట్టాం," అన్నాడు. "దొంగని అనే ముందు నీ పుస్తకం నువ్వు జూసుకోవాల్సింది."

నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను. ఆయనకు క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సింది.

కృత్తిక, ఏడో రోజు

ఎండవేళ ఆఫీసువాళ్ళం అందరం నేలమాళిగలో కూర్చుంటాం. శ్యామల వచ్చి నా పక్కన చాప పరుచుకుంది. మా విభాగంలో కమ్యూనిటీ ఆర్గనైజరు, పదకొండో వార్డు సభలు నడిపేది తనే. మూడు రోజులుగా నా కంట పడకుండా తిరుగుతోంది.

"మేడం, మీరు తిట్టనంటే ఒక సంగతి జెప్తా."

"తిడతాను. చెప్పు."

"ఆ రోజు సభలో అసలు తీర్మానమే రాయలేదు."

"మరి సంతకాలు?"

"ముందే తీసుకున్నాం గదా మేడం. ఎప్పుడూ తీసుకున్నట్టే."

తను చెప్పుకుపోయింది. క్వారీ పని ఎనిమిదింటికి వదులుతారు, తొమ్మిదింటికి సైరన్. మధ్యలో ఉన్న గంటలోనే వార్డు సభ. రెండు వందల మంది వరుసలో నిలబడి సంతకం పెట్టేసరికే ముప్పావు గంట. అందుకని ముందు ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుని, మిగిలిన కాసేపు మాట్లాడించి, తీర్మానం ఆఫీసుకు వచ్చాక పైన రాస్తాం. ఆ రోజు సైరన్ తొమ్మిదికి పది నిమిషాల ముందే మోగింది. జనం సాలలోకి పరుగెత్తారు. సంతకాలున్న ఖాళీ పేజీతో పుస్తకం ఆఫీసుకు వచ్చింది.

"నేనది మీకు జెప్పాలనే అనుకున్నా. పని వత్తిడిలో మర్చిపోయా మేడం."

ముందు సంతకం, తర్వాత మాట, చివరికి తీర్మానం. ఈ పద్ధతి శ్యామల పెట్టింది కాదు. మొదటి ఏడాది నేను పెట్టింది. అంతకు ముందు సగం వార్డుల్లో సభలే జరిగేవి కావు. నా పద్ధతి వచ్చాక ఇరవై నాలుగు వార్డుల్లోనూ నూటికి నూరు పాళ్ళు హాజరు. పక్క మున్సిపాలిటీలవాళ్ళు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. నాకు శాలువా కప్పారు.

శ్యామలను తిట్టలేదు. తిట్టడానికి నాకు హక్కు ఎక్కడుంది?

కృత్తిక, ఎనిమిదో రోజు

మొన్న పేజీ చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఈరోజు అడిగాను. దొంగ బయట ఉన్నాడనుకున్న మనిషికి ఇంట్లో వెతకాలని తోచదు.

"ఈ తీర్మానం ఎవరు రాశారు?"

"నేను రాశాను," అంది గుమస్తా. దాని గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

"ఎవరు రాయమన్నారు?"

"మీరే అండి. మూడేళ్ళ క్రితం మృగశిర కార్తెలో మీరు జారీ చేసిన ఎనభై ఎనిమిదో ఉత్తర్వు. సంతకాలు ఉండి తీర్మానం లేని పేజీలను, మార్చి ముగిసేలోగా, పెండింగులో ఉన్న అర్జీలతో సరిచూసి నింపవలసిందని ఆదేశించారు. పదకొండో వార్డు పేజీకి పెండింగు అర్జీ ఒక్కటే మిగిలింది. మూడో వార్డుది."

ఉత్తర్వు తెరిచి చదువుకున్నాను. నా మాటలే. నా సంతకమే.

అంతకు ముందు పన్నెండేళ్ళు ఆ పేజీలు నేనే నింపేదాన్ని. ఆదివారాలు కూర్చుని, ఫలానా వార్డుకు కాలువ, ఫలానా వార్డుకు నీళ్ళ గొట్టం అని రాసేదాన్ని. వాళ్ళకేం కావాలో నాకు తెలియదా అనుకునేదాన్ని. చాలావరకు మంచి తీర్మానాలే రాశాను, అది కూడా ఒప్పుకోవాలి. కానీ ఒక్కటీ వాళ్ళు రాసింది కాదు. ఆదివారాలు మోయలేక ఆ పని గుమస్తాకు అప్పగించాను. అది నన్ను చూసే నేర్చుకుంది. ఊరివాళ్ళ నోటితో మాట్లాడటం నేను మొదలుపెట్టాను, అది కొనసాగించింది.

ఆరు రోజులుగా ఊళ్ళో అందరి మీదా మండిపడుతున్న మనిషిని ఈరోజు అద్దంలో చూసుకున్నాను. చెంప పగలగొట్టాలనిపించింది.

కృత్తిక, తొమ్మిదో రోజు

కమిషనరు అంతా విన్నాడు. వినడం అయ్యాక లేచి తలుపు వేశాడు. ఆ తలుపు వేయడం చూసే నాకు సగం అర్థమైంది.

తీర్మానం రద్దు కావాలంటే దారులు రెండే. వార్డు మళ్ళీ సభ పెట్టుకుని రద్దు చేసుకోవచ్చు, కానీ దానికి ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోహిణి ఆరు రోజుల్లో ఉంది. రెండోది, పుస్తకానికి బాధ్యురాలైన అధికారి, పేజీ ఖాళీగా ఉండగా సంతకాలు తీసుకున్నామని రాసి ఇవ్వాలి. అలా రాసి ఇస్తే ఆ అధికారి హయాంలోని తీర్మానాలన్నీ విచారణకు వెళ్తాయి. విచారణ తేలేదాకా ఎక్కడి వస్తువు అక్కడే, ఏదీ కదలదు.

"అంటే పదకొండో వార్డు మిషను కూడా కదలదు," అన్నాను.

"మిషను ఒక్కటే కాదు మేడం. ఆరో వార్డు కొత్త నీళ్ళ లైను ఆగిపోతుంది. పంతొమ్మిదిలో సాల పెంచే పని ఆగిపోతుంది. పదిహేనేళ్ళ పని బజారున పడుతుంది. మీ పేరు, నా పేరు, అందరిదీ." గొంతు తగ్గించాడు. "ఒక్క వార్డే కదా. వాళ్ళను నాలుగు వార్డుల సాలల్లో సర్దేద్దాం. ఎవరూ నష్టపోరు."

ఆ నాలుగు సాలల్లో మనుషులు ఇప్పటికే వంతులేసుకుని పడుకుంటున్నారు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"సర్దడమంటే ఏమిటి సార్? గోనెసంచులా?"

"మీరు ఆవేశపడుతున్నారు."

"అవును, పడుతున్నాను. నిండు నెలల గర్భిణిని ఎర్రటి ఎండలో రెండు మైళ్ళు నడిపించి, అవతలి సాల గుమ్మంలో నిలబెట్టి చోటుందా అని అడిగించడానికి మీకు సిగ్గులేకపోతే, నాక్కూడా లేకుండా పోవాలా?"

అతను కిటికీవైపు తిరిగాడు. నేను వచ్చేశాను.

కృత్తిక, పదో రోజు

మస్తాన్‌బీకి నిజం చెప్పాను. చెప్పేముందు, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం తల్లీ అంటుందేమోనన్న ఆశ ఒక మూల ఉంది. అబద్ధం ఎందుకు? ఉంది.

ఆమె తాళాల గుత్తి వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది.

"ఆ రోజు సైరన్ మోగేముందు మేమేం మాట్లాడామో తెలుసా మేడం?"

"తెలియదు."

"కాన్పుల గది. సాల్లో ఓ మూల తెర గట్టి, ఓ మంచం, ఓ నర్సమ్మని ఇమ్మని. ఆరేళ్ళ నుంచి ప్రతి సభలో అదే అడుగుతున్నాం. ఒకేడు బెంచీలొచ్చినయి. ఒకేడు వీధి దీపాలు. ఇంకో ఏడు గోడకి రంగులు. మేం అడిగింది వాళ్ళకి నచ్చలేదేమోలే అనుకున్నాం. అసలు మా మాట పుస్తకంలోకే ఎక్కలేదా?"

ఎక్కలేదు. ఆ బెంచీలు రాసింది నేను. బాగుంటాయని రాశాను.

ఈశ్వరి పక్కనే కూర్చుని వింటోంది. "నా తొలి కాన్పు ఇక్కడే జరిగిందండి. బెంచీ మీద," అంది. "బిడ్డ దక్కలేదు."

క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలి.

"ఇప్పుడు ఏం జేస్తారు?" అంది మస్తాన్‌బీ. మేడం అనలేదు.

కృత్తిక, పదకొండో రోజు

గుమస్తా, ఇది దినచర్య కాదు, వాంగ్మూలం. నమోదు చేసుకో.

నాపగుంట మున్సిపాలిటీ సముదాయ అభివృద్ధి అధికారిణి కొమెర దమయంతి అను నేను, పదిహేనేళ్ళుగా ఇరవై నాలుగు వార్డుల సభల్లో ఖాళీ పేజీల మీద ప్రజల సంతకాలు తీసుకునే పద్ధతి పెట్టి నడిపించాను. పన్నెండేళ్ళు ఆ పేజీలు నా ఇష్టప్రకారం నింపాను. ఆ తర్వాత నింపమని యంత్రానికి ఉత్తర్వు ఇచ్చాను. పదకొండో వార్డు ప్రజలు తమ చలువ మిషనును ఎవరికీ ఇవ్వలేదు. వాళ్ళు అడిగింది కాన్పుల గది. ఈ పనిలో నా కింది ఉద్యోగుల తప్పు లేదు, వాళ్ళు నేను నేర్పింది చేశారు.

గుమస్తా నమోదు చేసుకుని, "ధన్యవాదాలండి. ఇంకేమైనా సేవ కావాలా?" అని అడిగింది. వద్దన్నాను.

కృత్తిక, పదమూడో రోజు

నన్ను సస్పెండ్ చేశారు. ఇది కాగితం మీద రాస్తున్నాను, ఆఫీసు పుస్తకం ఇక నాది కాదు.

తరలింపు ఆగింది. దాంతోపాటు ఆరో వార్డు నీళ్ళ లైనూ ఆగింది. పొద్దున ఆరో వార్డు ఆడవాళ్ళు బిందెలతో మా ఇంటిముందు నిలబడ్డారు. "నీ మంచితనం మా కొంపమీదికి తెచ్చావు," అందొకామె. అన్నమాటలో తప్పేం లేదు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. ఉన్న రెండు బిందెల నీళ్ళు ఇవ్వబోతే తీసుకోలేదు.

మురహరి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. "కూర్చో, ఎండన పడొచ్చావు," అని మజ్జిగ ఇప్పించాడు. తిట్టినా బాగుండేది.

కమిషనరు పత్రికవాళ్ళతో, ఒక అధికారిణి వ్యక్తిగత లోపం అని చెప్పాడట. వ్యక్తిగతమట. శాలువా కప్పినప్పుడు మాత్రం మున్సిపాలిటీ ఘనత.

రోహిణి, మొదటి రోజు

యాభై మూడు డిగ్రీలు. ఆఫీసు నేలమాళిగలోకి నన్ను రానివ్వరు. మా ఇంట్లో చలువగది లేదు. అన్నిటికంటే దగ్గర పదకొండో వార్డు సాల. సైరన్‌కు పావుగంట ముందు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మస్తాన్‌బీ చూసింది. తలుపు తీసిపెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఒక మూల చాప వెడల్పు చోటు చూపించారు.

మిషను నడుస్తోంది. ఈశ్వరి దాని పక్కనే పడుకుని ఉంది.

తలుపులు మూశాక మస్తాన్‌బీ అందరినీ దగ్గరికి పిలిచింది. గంటలో తెమిలే సభలు ఇక వద్దని, ఎండవేళంతా సాలలోనే ఉంటాం కదా, ఇక్కడే తీరిగ్గా మాట్లాడుకుందామని అంది. పదిహేనేళ్ళలో ఈ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. నోటీసు ఇరవై ఒక్క రోజుల తర్వాత సంగతి, ముందు మన మాట మనం రాసిపెట్టుకుందామన్నారు. నాలుగు గంటలు మాట్లాడారు. అరుచుకున్నారు. ఒకాయన అలిగి గోడవైపు తిరిగి పడుకుంటే ఆయన భార్య లేపి కూర్చోబెట్టింది. మంచం తూర్పున ఉండాలా పడమర ఉండాలా అన్నదాని మీదే అరగంట పట్టింది. పడుకునేది నేను, పడమరైతే మిషను గాలి బిడ్డకి నేరుగా కొడుతుందని ఈశ్వరి అడ్డంపడింది. చివరికి తూర్పు అని రాశారు.

మొదటి తీర్మానం కాన్పుల గది. చదివి వినిపించి, అందరూ సరే అన్నాకే పుస్తకం తిప్పారు.

రెండో తీర్మానం ఉందని మస్తాన్‌బీ నావైపు చూసింది. వార్డు పని మీద వచ్చి సాలలోనే ఉండిపోయిన శ్యామల చేత రాయించారు. మస్తాన్‌బీ తీసుకుని పైకి చదివింది: "కొమెర దమయంతి గారు పన్నెండేళ్ళుగా మా సంతకాలు మోసంతో తీసుకున్నందున, ఆమె మీద పూర్తి విచారణ జరిపి శిక్ష వేయవలసినదిగా ఈ సభ కోరుతున్నది. ఆమె తప్పు తానే ఒప్పుకున్నారు గనుక ఆ సంగతి కూడా ఇందులో రాయడమైనది."

"ఎవురికన్నా అభ్యంతరం ఉందా?" అని అడిగింది మస్తాన్‌బీ.

నేను చేయెత్తాను. అందరూ నావైపు తిరిగారు. గోడవారనున్న ముసలాయన, "ఇప్పుడేం జెప్పుద్ది?" అని గొణిగాడు.

"పన్నెండు కాదు," అన్నాను. "పదిహేను."

శ్యామల దిద్దింది. మస్తాన్‌బీ మళ్ళీ మొదటినుంచి చదివింది. పుస్తకం మనిషి నుంచి మనిషికి తిరిగి, సాయంత్రం సైరన్ మోగేముందు నా చాప దగ్గరికి వచ్చింది. సభలో కూర్చున్నవాళ్ళందరూ సంతకం పెట్టాలని నియమం. పై నుంచి కింది దాకా ఒకసారి చదివి, నేనూ పెట్టాను.